మెయిల్ వస్తున్నది.. మరి పోతలేదెందుకు?

కిందటి ఎండకాలం ముచ్చట. మా చిన్నాయన కొడుకు డిగ్రీ అయిపోయినంక పట్నంల ఏడాది ఉండి, ఊరికే వచ్చేసిండు. ఊర్లకు ఫైబర్ నెట్ వచ్చింది గదా అని ఇంట్ల పాత కంప్యూటర్ ఒకటి, స్కానర్ ఒకటి పెట్టుకున్నడు. నలుగురికి అప్లికేషన్లు నింపుడు, కాయితాలు స్కాన్ చేసి పంపుడు ఆయన పని. తన చిన్న షాపు పేరు మీద ఒక మెయిల్ అడ్రస్ కూడా కొనుక్కున్నడు.

ఒకరోజు ఆయనకే ఒక ఉద్యోగం కాడి నుంచి కబురొచ్చింది. సర్టిఫికెట్లన్నీ సాయంత్రం 5 గంటల లోపు మెయిల్ చెయ్యమన్నరు. మధ్యాహ్నం 3 గంటలకే అన్నీ జతచేసి సెండ్ నొక్కిండు. నిమ్మలంగ పొలం కాడికి పోయి మోటర్ చూసుకొని వచ్చిండు. రాత్రి కంప్యూటర్ తెరిస్తే మెయిల్ అవుట్‌బాక్స్‌లనే కూసున్నది. పొద్దుగాల ఫోన్ చేస్తే ‘మాకేం రాలే, టైం అయిపోయింది’ అన్నరు.

‘నెట్ మంచిగనే ఉన్నది అన్నా. యూట్యూబ్ నడుస్తున్నది. మెయిళ్లు వస్తున్నయ్. పోతనే లేవు’ అని నాతోని మొత్తుకున్నడు. నెట్ కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేసిండు. మూడుసార్లూ ‘రూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి’ అన్నరు. ఆఖరుకు తేలిందేందంటే, ఆయన మెయిల్ సెట్టింగ్‌ల ఒక నంబర్ 25 అని ఉన్నది. పట్నం రూంల ఉన్నప్పుడు అదే నంబర్‌తోని మెయిళ్లు పోయేటివి. ఊర్ల తీసుకున్న కొత్త కనెక్షన్‌ల ఆ దారి మూసేసి ఉన్నది. 25 తీసి 587 పెట్టి, సెక్యూరిటీ ఆన్ చేయంగనే మెయిల్ పోయింది. కానీ అప్పటికే ఉద్యోగం పోయింది.

ఇది మా తమ్ముని ఒక్కని గోస కాదు. కేంద్రం 2011ల మొదలుపెట్టిన ఆప్టికల్ ఫైబర్ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. దేశంల 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు నెట్ ఇచ్చుడు దాని లక్ష్యం. 2023 ఆగస్టుల దానికే ఇంకో 1,39,579 కోట్ల రూపాయలకు కేబినెట్ ఒప్పుకున్నది. మన కాడ మిషన్ భగీరథ పైపుల పొంటి ఫైబర్ వేసి టీ-ఫైబర్ అన్నరు. కేబుల్ ఇంటిదాంక వస్తున్నది, మంచిదే. అయితే ఇంట్లకు వచ్చే నెట్ గురించి చెప్పినంత, ఇంట్లకెళ్లి బయటకు పోయేదాని గురించి ఎవ్వరూ చెప్తలేరు. స్పీడ్ ఎంతనో పోస్టర్ మీద రాస్తరు. ఏ దారి మూసిన్రో ఎక్కడా రాయరు.

వచ్చే తొవ్వ వేరు, పోయే తొవ్వ వేరు

మెయిల్ వస్తున్నదంటే పోవాలె గదా అని అందరం అనుకుంటం. కంప్యూటర్‌ల థండర్‌బర్డ్, అవుట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రాం వాడితే ఈ లెక్క తప్పుతది. మెయిల్ తెచ్చుకునే పద్ధతి పేరు ఐమ్యాప్. అది ఎక్కువగ 993 నంబర్ దర్వాజ నుంచి నడుస్తది. పంపే పద్ధతి పేరు ఎస్ఎంటీపీ. దానికి దర్వాజ వేరు, సర్వర్ పేరు వేరు, ఒక్కోసారి పాస్‌వర్డ్ కూడా వేరుగ అడుగుతది. ఈ దర్వాజ నంబర్‌నే పోర్ట్ అంటరు. అందుకే ఒకటి తెరిచి, ఇంకోటి మూసి ఉండొచ్చు.

ఫోన్‌ల జీమెయిల్ యాప్‌కు, బ్రౌజర్‌ల తెరిచే జీమెయిల్‌కు ఈ బాధ ఉండదు. అవి మామూలు వెబ్‌సైట్లు తెరుచుకునే 443 దర్వాజ నుంచే పోతయ్. దాన్ని మూస్తే మొత్తం నెట్ ఆగుతది కాబట్టి ఎవ్వరూ మూయరు. ‘ఫోన్‌ల పోతున్నది, కంప్యూటర్‌ల పోతలేదు’ అన్న మాట వెనక చాలాసార్లు ఉన్న మతలబు ఇదే.

25ను ఎందుకు మూసిన్రు?

మూసినోళ్ల దిక్కు కూడా న్యాయం ఉన్నది. అది చెప్పకుంటే ముచ్చట సగమే అయితది.

ఎస్ఎంటీపీ రూల్స్ 1982ల రాసిన్రు. అప్పుడు నెట్ వాడేటోళ్లు యూనివర్సిటీలోళ్లు, పరిశోధన చేసేటోళ్లు. ఒకరికొకరు ఎరుకున్నోళ్లే. 25వ దర్వాజ కాడ పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే పెట్టలే. ఎవలైనా వచ్చి ఉత్తరం ఇచ్చి పోవచ్చు, కవర్ మీద ఎవరి పేరైనా రాయొచ్చు. అంతకు నాలుగేండ్ల ముందే, 1978 మే నెలల, అమెరికాల ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ మనిషి అప్పటి ఆర్పానెట్‌ల దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపిండు. అదే మొదటి స్పామ్ అంటరు.

ఇంటింటికీ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినంక ఈ రోగం ముదిరింది. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లను దొంగలు దూరం నుంచి ఆడిస్తరు. ఇంటాయనకు తెల్వకుండనే ఆయన కంప్యూటర్ రాత్రింబగళ్లు వేలకు వేలు దొంగ మెయిళ్లు పంపుతుంటది. 2008 నవంబర్‌ల అమెరికాల మెక్‌కోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీ నెట్ తెంపితే ప్రపంచంల స్పామ్ ఒక్కసారిగ సగానికి పైగ పడిపోయిందని అప్పట్ల లెక్కలు చెప్పినయ్. ఆ కంపెనీ సర్వర్లల కూసొనే దొంగలు లక్షల ఇంటి కంప్యూటర్లను నడిపించిన్రు.

అందుకే ఇండ్లకిచ్చే కనెక్షన్లల 25 పోర్ట్ బయటికి పోకుండ మూసుడు ప్రపంచమంతట అలవాటైంది. మామూలు మనుషులు మెయిల్ అప్పజెప్పేతందుకు 1998లనే 587 అనే వేరే దర్వాజ పెట్టిన్రు. అక్కడ పేరు, పాస్‌వర్డ్ చెప్తేనే లోపటికి రానిస్తరు. 2018ల వచ్చిన కొత్త ప్రమాణం, మొదటి నుంచే తాళం వేసి మాట్లాడే 465ను ముందు వాడమన్నది. అంటే 25 మూసినా మన పని ఆగొద్దు. ఆగుతున్నదంటే మన కాడ పాత సెట్టింగ్ ఉన్నట్టు. తప్పు మూసుడుల లేదు, మూసిన సంగతి చెప్పకపోవుడుల ఉన్నది.

తాళాలు మార్చిన్రు, మనకు తెల్వలే

రెండో కారణం పెద్ద కంపెనీలు మార్చిన రూల్స్. 2022 మే 30 నుంచి గూగుల్, మామూలు జీమెయిల్ ఖాతాలకు ఉత్త పాస్‌వర్డ్‌తోని వేరే ప్రోగ్రాంలు లోపటికి వచ్చుడు బందుపెట్టింది. మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాలకు అదే పని చేసింది. దొంగతనాలు ఆపేతందుకు ఇది అవసరమే. కానీ ఊర్లల నెట్ సెంటర్ల సంగతి చూడుండ్రి. స్కాన్ చేసి సీదా మెయిల్ పంపే మిషన్లు, పాత అవుట్‌లుక్ ఉన్న కంప్యూటర్లు ఒక పొద్దున లేచి చూస్తే ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటున్నయ్. పాస్‌వర్డ్ సరిగ్గనే ఉన్నది. అది చాలదని చెప్పినోడే లేడు.

జీమెయిల్‌కు దీని మందు ఉన్నది. ఖాతాల టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి తీసుకొని, ఆ మిషన్‌ల మామూలు పాస్‌వర్డ్ ఉన్న చోట అది పెట్టాలె. కొత్త థండర్‌బర్డ్ లాంటివైతే గూగుల్ పేజీనే తెరిచి లాగిన్ చేయిస్తయ్. గప్పుడు యాప్ పాస్‌వర్డ్ అక్కర లేదు.

సొంత డొమైన్ ఉన్నోళ్లకు ఇంకో రూల్ వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు మెయిల్ పంపే డొమైన్‌కు గుర్తింపు కాయితాల లాంటి రికార్డులు అడుగుతున్నయ్. ఎస్పీఎఫ్, డీకిమ్ అనే రెండింట్ల కనీసం ఒకటన్న ఉండాలె. రోజుకు 5 వేలకు మించి పంపేటోళ్లకు ఈ రెండూ ఉండాలె, డీమార్క్ అనే మూడోది కూడా ఉండాలె. ఇవి లేకుంటే మన దిక్కు నుంచి మెయిల్ పోయినట్టే కనబడ్తది. అవతల వాపస్ కొడ్తరు, లేకుంటే స్పామ్‌ల పడేస్తరు. ఊర్ల స్వయం సహాయక సంఘమో, చిన్న షాపో వెబ్‌సైట్ పెట్టుకుంటే, డొమైన్ అమ్మినోన్ని మొదటి రోజే ఈ రెండు రికార్డులు పెట్టించమని అడగాలె.

ఒక్క అడ్రస్, వంద ఇండ్లు

మూడో కారణం మన చేతుల లేనిది. నెట్‌ల ప్రతి కనెక్షన్‌కు ఐపీ అడ్రస్ ఉంటది. పాత పద్ధతి అడ్రస్‌లు మొత్తం కలిపితే దాదాపు 430 కోట్లే. 2011 ఏప్రిల్ వరకే మన ఆసియా-పసిఫిక్ ప్రాంతంల అవి ఆఖరి మూటకు వచ్చినయ్. అందుకే మస్తు కంపెనీలు ఒక్క అడ్రస్ వెనక పదుల, వందల ఇండ్లను కూసోబెడుతున్నయ్. దీన్ని సీజీనాట్ అంటరు.

మీ రూటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ కాడ చూడుండ్రి. 100.64 నుంచి 100.127 లోపట ఉన్న అడ్రస్ కనబడితే మీరు కూడా గా వరుసలనే ఉన్నట్టు. గిట్ల ఉంటే ఏమైతది? ఎవరింట్లనో కంప్యూటర్‌కు వైరస్ వట్టి స్పామ్ పంపితే, ఆ అడ్రస్ బ్లాక్‌లిస్ట్‌ల పడ్తది. ఎవలో నాలుగుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే, చిన్న హోస్టింగ్ కంపెనీ సర్వర్ ఆ అడ్రస్‌నే ఆపేస్తది. తప్పు ఒక ఇంటిది, దండుగ వాడకట్టు మొత్తానికి. మెయిల్ వాపస్ వచ్చి అండ్ల ‘బ్లాక్డ్’ అనో ‘లిస్టెడ్’ అనో ఉంటే మీ కంప్యూటర్‌ను తిట్టకుండ్రి. గా మెయిల్‌నే దాచిపెట్టి నెట్ కంపెనీకి, హోస్టింగ్ కంపెనీకి చూపియ్యాలె.

ఈ కొరత లేకుండ చేసేతందుకే ఐపీవీ6 అనే కొత్త అడ్రస్ పద్ధతి ఉన్నది. దాని వాడకంల మన దేశం ప్రపంచంల ముందు వరుసల ఉన్నది, అది ఎక్కువ మొబైల్ నెట్‌వర్క్‌ల పుణ్యం. ఊర్లల ఫైబర్ ఇచ్చే చిన్న ఆపరేటర్ల కాడ కూడా అది ఉన్నదా లేదా అని కనెక్షన్ తీసుకునేటప్పుడే అడగాలె.

ఎక్కడ ఆగిందో ఎట్ల పట్టాలె?

టైం దగ్గరపడ్డదంటే ముందు పని కానియ్యాలె, రోగం తర్వాత చూడొచ్చు. బ్రౌజర్‌ల మెయిల్ తెరిచి పంపాలె, లేకుంటే ఫోన్ నుంచి పంపాలె. తర్వాత నిమ్మలంగ ఈ వరుసల చూడాలె.

మొదటిది, బ్రౌజర్ పరీక్ష. బ్రౌజర్‌ల కూడా పోకుంటే లోపం ఖాతాల ఉన్నట్టు. గూగుల్ ఇచ్చే 15 జీబీ జాగ జీమెయిల్‌కు, డ్రైవ్‌కు, ఫొటోలకు కలిపే. అది నిండితే మెయిల్ పోదు, రాదు. పెండ్లి వీడియోలు డ్రైవ్‌ల పెట్టి, ఉద్యోగం మెయిల్ ఆగం చేసుకున్నోళ్లు ఉన్నరు.

రెండోది, హాట్‌స్పాట్ పరీక్ష. బ్రౌజర్‌ల పోయి ప్రోగ్రాంల పోకుంటే, కంప్యూటర్‌ను ఇంటి వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపాలె. గప్పుడు పోతే లోపం ఇంటి కనెక్షన్‌ల, రూటర్‌ల ఉన్నట్టు. గప్పుడు కూడా పోకుంటే ముందు కంప్యూటర్ సెట్టింగ్, పాస్‌వర్డ్ చూడాలె. కొన్ని మొబైల్ కంపెనీలు కూడా 25ను మూస్తయ్ కాబట్టి, సెట్టింగ్‌ల 25 ఉంటే ముందు అది మార్చినంకనే ఈ పరీక్ష చెయ్యాలె. మార్చేటప్పుడు 587 పెడితే స్టార్ట్‌టీఎల్ఎస్, 465 పెడితే ఎస్ఎస్ఎల్ లేదా టీఎల్ఎస్ అని ఎంచుకోవాలె. సర్వర్‌కు పేరు, పాస్‌వర్డ్ కావాలె అన్న కాడ టిక్ ఉండాలె.

మూడోది, తారీఖు చూసుడు. ఇది మన ఊర్లకు బాగ వర్తిస్తది. కరెంట్ పోయి వచ్చినంక పాత కంప్యూటర్ తారీఖు ఎన్కకు పోతది. మదర్‌బోర్డ్ మీద గుండీ అంత సెల్ ఒకటి ఉంటది, అది అయిపోతే ఇట్లయితది. తారీఖు తప్పుంటే సర్వర్ చూపించే సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను కంప్యూటర్ నమ్మది. మెయిల్ పోదు. తక్కువ పైసలల్ల వచ్చే సెల్ మారిస్తే సరిపోతది.

నాలుగోది, ఫైల్ సైజ్. జీమెయిల్‌ల 25 ఎంబీ అని ఉన్నా, ఫైల్‌ను మెయిల్‌ల మూట కట్టేటప్పుడు దాని బరువు మూడో వంతు పెరుగుతది. ప్రోగ్రాం నుంచి పంపితే 18 ఎంబీ దాటినా ఆగొచ్చు. కాయితాలు తక్కువ సైజుల స్కాన్ చెయ్యాలె, లేకుంటే డ్రైవ్‌ల పెట్టి లింక్ పంపాలె. లింక్ ఉన్నోళ్లు ఎవరైనా చూసేటట్టు పెట్టుడు మరువొద్దు.

ఐదోది, వాపస్ వచ్చిన మెయిల్ చదువుడు. ఇంగ్లీష్‌ల పొడుగ్గ ఉన్నదని తీసేస్తం. అండ్ల మూడంకెల నంబర్ చూస్తే చాలు. 4తోని మొదలైతే ఇప్పటికి ఆగింది, మళ్ల ప్రయత్నం జరుగుతదని. 5తోని మొదలైతే ఇగ పోదు, ఏదో మార్చాలెనని. 535 అంటే లాగిన్ కుదరలే. 552 అంటే చాలాసార్లు సైజ్ ఎక్కువైంది, లేకుంటే అవతలి డబ్బా నిండింది. 550 వస్తే అడ్రస్ తప్పో, అవతలోళ్లు వద్దన్నరో పక్కన రాసిన మాట చూడాలె.

ఇంకో జాగ్రత్త. ఇసొంటి కష్టంల ఉన్నప్పుడే మనం నెట్‌ల కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతం. అక్కడ దొంగ నంబర్లు ఉంటయ్. ‘మెయిల్ బాగుచేస్తం, ఈ యాప్ ఎక్కించు, ఓటీపీ చెప్పు’ అన్నోడు మెయిల్ బాగుచెయ్యడు, ఖాతా ఊడుస్తడు. నంబర్ బిల్లు మీద చూసుకోవాలె. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చెయ్యాలె.

నొక్కుడు పంపుడు కాదు

మా తమ్ముడు ‘నేను 3 గంటలకే పంపిన’ అన్నడు. మనసుకు అది నిజమే. చట్టానికి కాదు. ఐటీ చట్టం 2000ల సెక్షన్ 13 ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, పంపేటోని అధీనంల లేని కంప్యూటర్‌లకు చేరినప్పుడే అది పంపినట్టు. అవుట్‌బాక్స్ మన ఇంట్లదే. అండ్ల ఉన్నంతసేపు ఏదీ పంపినట్టు కాదు. సెంట్‌ల కనబడితేనే మన ఇల్లు దాటినట్టు, గది కూడా అవతలోళ్లకు ముట్టినట్టు కాదు.

అయితే ఈ బరువంతా పల్లె పిల్లల నెత్తిమీదనే పెట్టుడు న్యాయమా? పట్నంలోనికి ఆఫీసుల ఐటీ మనిషి ఉంటడు, పక్క రూంల ఎరుకున్న దోస్తు ఉంటడు. ఊర్లల అడిగేటందుకు మనిషి లేడు. 2018ల కేంద్ర టెలికాం శాఖ తెచ్చిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు, కంపెనీలు ట్రాఫిక్‌ను అదుపు చేస్తే అది అవసరమున్నంతనే ఉండాలె, పారదర్శకంగ ఉండాలె అంటున్నయ్. గా పారదర్శకత తెలుగుల ఒక్క కాయితం మీద కనబడాలె. ఏ పోర్ట్ మూసిన్రు, దాని బదులు ఏది వాడాలె, సీజీనాట్ ఉన్నదా, సొంత ఐపీ కావాల్నంటే ఎంత అయితది అన్న నాలుగు ముచ్చట్లు కనెక్షన్ ఇచ్చిననాడే చెప్తే ఏం పోతది?

‘రూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యి’ అన్న జవాబుతోని ఆగొద్దు. ఫిర్యాదు చేసిన ప్రతిసారి డాకెట్ నంబర్ తీసుకోవాలె. పని కాకుంటే కంపెనీ అప్పీలు అధికారికి రాసే హక్కు ట్రాయ్ 2012 నిబంధనలల ఉన్నది. అది దాటితే కేంద్ర టెలికాం శాఖకు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. మెయిల్ మీద దరఖాస్తులు తీసుకునే ఆఫీసులు కూడా ‘ముట్టింది’ అని ఒక్క జవాబు వెంటనే పోయేటట్టు పెట్టాలె. ఆ జవాబు రాలేదంటే పిల్లగానికి గడువు లోపటనే అనుమానం వస్తది, ఇంకో తొవ్వ వెతుక్కుంటడు.

మా తమ్ముడు ఇప్పుడు షాపుల స్కానర్ పక్కన ఒక కాయితం అంటించిండు. దాని మీద రెండే మాటలు రాసి పెట్టిండు. ‘సెంట్‌ల చూడు. ఫోన్ చేసి అడుగు.’ ఎవరి కాయితాలు పంపినా ఆ రెండూ అయినంకనే పైసలు తీసుకుంటున్నడు.